కోత మిషన్‌ని వెనక నుంచి తీయాలి

ఇంగ్లండులో కొందరికి ఒక సరదా ఉంది. షెడ్డుల్లో దాచుకున్న పాత కంబైన్ హార్వెస్టర్లకు, అంటే కోతా నూర్పిడీ కలిపి చేసే మిషన్లకు, రంగులేసి, నూనెలు పోసి, కోతల కాలంలో పొలంలోకి దించుతారు. పక్కనే కొత్త మిషన్లు కూడా నడుస్తుంటాయి. రెంటినీ కలిపి ఫోటోలు తీసుకుంటారు. అలాంటి ఫోటోల దొంతర ఒకటి ఒక స్నేహితుడు నా ఫోన్‌కి పంపి, "మన కాళహస్తి పక్క ఇట్లాంటిది చేస్తే ఎట్లుంటుంది సామీ?" అన్నాడు. ఇద్దరికీ కెమెరా పిచ్చి ఉంది కాబట్టి సరే అనుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు.

మొదలుపెట్టాక మాత్రం మా ఇద్దరికీ పొసగలేదు. అతను తీసినవి చూడగానే బాగుంటాయి. సాయంత్రపు ఎండ, పండిన చేను, మిషన్ ముందు గిర్రున తిరుగుతున్న రీలు చక్రం, మిషన్ మన మీదికే వస్తున్నట్టు ఒక ఊపు. నావి దుమ్ము, గడ్డి, తొక్కిన నేల. "నువ్వు తీసేది మిషన్నా, చెత్తనా?" అని అడిగేశాడు. ఫోన్లో చెబితే తేలే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కోత మిషన్‌ని ఫోటో తీయాలంటే దాని వెనక నిలబడాలి. ఇదే నా వాదన.

పాతది, కొత్తది అనే జత

ముందు ఆ పాత, కొత్తల సంగతి చూద్దాం. ఇంగ్లండు ఫోటోల్లో పాత మిషన్ అంటే రిటైరయిన మిషన్. మన దగ్గర మిషన్‌కి రిటైర్మెంటు లేదు. పంజాబులో కొన్నేళ్లు గోధుమా వరీ కోసి, చేతులు మారి, తమిళనాడులో ఒకరి దగ్గర తిరిగి, చివరికి మన వైపు వచ్చిన టైర్ మిషన్ ఇంకా గంటల లెక్కన బాడుగకు పోతూనే ఉంటుంది. దాని ఇంజనుది ఒక వయసు, గేర్‌బాక్సుది ఇంకో వయసు. గింజ రాల్చే డ్రమ్ము మీది బార్లు పోయిన సీజన్లో వేసినవి. రేకుల మీద వెల్డింగు మచ్చలు, ఎవరి ఇష్టం వచ్చిన రంగు వాళ్లు పూయడంతో ఏ కంపెనీదో చెప్పడం కూడా కష్టం. ఇక నడవదు అనుకున్న రోజున దాన్ని ఎవరూ దాచుకోరు, పాత ఇనుము కింద తూకానికి పోతుంది. పంజాబ్ ట్రాక్టర్స్ కంపెనీ 1980లో స్వరాజ్ 8100 తెచ్చింది. మన దేశంలోనే రూపొందిన తొలి సొంత ఇంజను కంబైన్ అది, ట్రాక్టరు అక్కర్లేకుండా తనంతట తానే నడిచేది. ఆ తొలినాటి మిషన్ ఒక్కటైనా ఈ చుట్టుపక్కల దొరుకుతుందేమోనని ఆరా తీశాను. అడిగిన ప్రతిచోటా నన్ను ఇనుప సామాన్ల వ్యాపారి అనుకున్నారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన కంటికి టైర్ మిషన్ పాతది, టైర్లకు బదులు రబ్బరు పట్టాల మీద నడిచే చైన్ మిషన్ కొత్తది. కానీ రెండూ ఒకే ఊళ్లో, ఒకే వారంలో పనిచేస్తాయి. టైర్ మిషన్లో పైరును కోసే కట్టర్ బార్ వెడల్పు మామూలుగా 14 అడుగులు. మన దగ్గర తిరిగే చైన్ మిషన్లది దాదాపు అందులో సగం. సగం వెడల్పు కోసేదానికి గంట బాడుగ ఎక్కువ ఎందుకు ఇస్తారంటే, కారణం నేలలో ఉంది. చెరువు కింది కయ్యల్లో కోతల నాటికి కూడా తడి ఆరదు. అంత బరువున్న టైర్ మిషన్ అక్కడ దిగబడితే ట్రాక్టర్లు పెట్టి లాగాలి. చైన్ మిషన్ తేలిక, ఉన్న బరువు కూడా రబ్బరు పట్టా పొడవునా పరుచుకుంటుంది. పైగా ఉన్నచోటే గిర్రున తిరగగలదు, చిన్న కయ్యలకు అది పెద్ద సౌకర్యం. కాబట్టి రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి 'నాడు, నేడు' అని రాస్తే తప్పు. ఒకటి ఆరిన కయ్య, ఇంకొకటి ఆరని కయ్య, అంతే. ఆ తేడా ముందు నుంచి చూస్తే రంగుగా మాత్రమే కనబడుతుంది. వెనక నుంచి చూస్తే టైరు గాడి ఎంత లోతు, పట్టా అచ్చు ఎంత లోతు అన్నది కనబడుతుంది.

వెనక ఏముంది

ముందు నుంచి చూస్తే అన్ని మిషన్లూ ఒకే పని చేస్తాయి. రీలు పంటను కట్టర్ మీదికి వంచుతుంది, కోసింది లోపలికి పోతుంది. తర్వాతిదంతా రేకుల చాటున. డ్రమ్ములో రాల్చడం, జల్లెళ్ల మీద ఊపడం, ఫ్యాను గాలికి తూర్పారబట్టడం. మన పెద్దవాళ్లు కళ్లంలో రోజుల తరబడి చేసిన పని అదే. ఆ పని ఎంత బాగా జరిగిందో చెప్పేదంతా వెనక నుంచే బయట పడుతుంది. ఫ్యాను గాలి ఎక్కువైతే తాలుతోపాటు గట్టి గింజా ఎగిరిపోతుంది. జల్లెడ సరిగ్గా పెట్టకపోయినా, మిషన్‌ని ఓపలేనంత వేగంతో తోలినా వడ్లు గడ్డిలో కలిసి బయటికొస్తాయి. డ్రైవరు తొందరలో ఉంటే కట్టర్ పైకెత్తి తోలతాడు. లోపలికి పోయే గడ్డి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, వెనక వరి కొయ్యలు మోకాలెత్తున నిలబడతాయి. కోసిన కయ్యను చూసి డ్రైవరు తొందరని చెప్పొచ్చు.

గడ్డి సంగతి సరేసరి. వాకర్లు అనే ఊగే మెట్లున్న పాత రకం మిషన్, డ్రమ్ము దాటిన గడ్డిని వాటి మీద ఊపుకుంటూ వెనక్కి తోస్తుంది, కాబట్టి పోచ కొంచెం పొడుగ్గానే పడుతుంది. పొడవాటి రోటరు ఉన్న మిషన్లో గడ్డి దాని చుట్టూ తిరిగి తిరిగి నలుగుతుంది. కొడవలితో కోసి కొట్టిన గడ్డితో పోలిస్తే రెండూ తక్కువే. మిషన్ గడ్డిని ఆవులు ముట్టవనే మాట ప్రతి ఊళ్లోనూ విన్నాను. గడ్డి కట్టలు చుట్టే మిషన్లు వచ్చాక అదే గడ్డి లారీలకెక్కి పోతోందని కూడా చూశాను. ముట్టవు అన్నాయనే ఆ లారీకి బేరమాడుతుంటాడు. పాడి మీద ఆధారపడిన జిల్లాలో గడ్డి గురించి ఎవరైనా చెప్పే మొదటి మాట నమ్మకూడదు.

నా దగ్గరున్న మిషన్ ఫోటోల్లో మంచిది అనుకునేదాంట్లో మిషన్ లేదు. కోతలయ్యాక పడిన వేసవి వానకి, ఏర్పేడు దాటాక ఒక కయ్యలో మిషన్ నడిచిన దారి వెంబడే పచ్చగా చారలు లేచాయి. రాలిన వడ్లు మొలిచాయి. చార చారకీ మధ్య ఎడం చూస్తే ఎంత వెడల్పు కోసే మిషనో చెప్పొచ్చు, మలుపుల దగ్గర మందంగా ఉన్న మొలక చూస్తే ఎక్కడ వేగం మార్చాడో చెప్పొచ్చు. నా స్నేహితుడు దీన్ని మిషన్ ఫోటోగా ఒప్పుకోడు. "నారుమడి ఫోటో" అంటాడు.

అతని వైపు న్యాయం లేకపోలేదు. ముందు నుంచి తీసిన ఫోటోలో డ్రైవరు మొహం ఉంటుంది. పాత టైర్ మిషన్ మీద అయితే పైన రేకో, పట్టో కట్టుకుని, మొహానికి తువాలు చుట్టుకుని, నూగులో కూర్చునే మనిషి కనబడతాడు. కొత్త మిషన్లలో కొన్నిటికి ఏసీ క్యాబిన్ ఉంది, అద్దం వెనక మనిషి శుభ్రంగా ఉంటాడు. పాతకీ కొత్తకీ మధ్య నిజమైన తేడా ఇదేనని అతని వాదన. ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ మనిషిని తీయాలంటే మిషన్ ఆగినప్పుడు, అతను కిందికి దిగి టీ తాగేటప్పుడు తీయొచ్చు కదా అంటాను. పనిలో ఉన్నప్పుడు తీస్తేనే పని కనబడుతుంది అంటాడు. అక్కడ ఆగిపోతాం.

అసలు ముందు నుంచి తీసే ఫోటోకి మంచి వెలుతురు దొరకడమే కష్టం. మంచు తడి ఆరేదాకా మిషన్ చేలోకి దిగదు, కాబట్టి ఫోటోగ్రాఫర్లు ఇష్టపడే పొద్దుటి ఎండ వృథా. మిషన్ ఊపందుకునేసరికి నడినెత్తిన సూర్యుడు. షట్టరు సెకనులో వెయ్యో వంతు పెడితే రీలు గడ్డకట్టినట్టు ఆగిపోయి, మిషన్ షోరూం ముందు నిలబెట్టినట్టుంటుంది. వందో వంతుకి దిగితే రీలు తిరుగుతున్నట్టు వస్తుంది గానీ చేతులు వణక్కూడదు. వెనక నుంచి తీసేవాడికి దుమ్ము తోడు. పొలంలో లెన్సు మార్చకూడదని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఫోటో సాక్ష్యమైతే

నాకు ఇబ్బంది కలిగించింది వేరే సంగతి. తొట్టంబేడు వైపు ఒక చైన్ మిషన్ వెనక వంగి, గడ్డి పక్కకు జరిపి, నేల మీది గింజలను దగ్గరగా తీస్తున్నాను. డ్రైవరు సేలం జిల్లా కుర్రవాడు, తెలుగు బాగానే వచ్చు. మిషన్ ఆపి దిగొచ్చి, "అన్నా, వెనక ఎందుకు తీస్తా ఉండావు? ముందు తీయన్నా, బాగుంటుంది. ఓనరు చూస్తే వడ్లు పారేస్తా ఉండానంటాడు" అన్నాడు. అతనికి సర్దిచెబుతుండగానే గెనిమ (పొలం గట్టు) మీద నిలబడ్డ కయ్య యజమాని వచ్చి, ఆ ఫోటో తన ఫోన్‌కి పంపమన్నాడు. బాడుగ తగ్గించమని అడగడానికి పనికొస్తుందని అతని ఆలోచన.

పంపలేదు. ఎందుకంటే ఆ ఫోటో తూకం వేయలేదు. లెక్క చూడండి. సాంబ మసూరి లాంటి సన్న రకంలో వెయ్యి వడ్ల గింజలు 15 గ్రాములకు అటూఇటూ తూగుతాయి. చదరపు మీటరులో 100 గింజలు పడి ఉంటే దగ్గర్నుంచి తీసిన ఫోటోలో ఘోరంగా కనబడుతుంది, నేలంతా వడ్లే అనిపిస్తుంది. కానీ ఎకరమంతా అట్లాగే ఉన్నా పోయింది 6 కిలోలు. 500 గింజలైతే 30 కిలోలు, అప్పుడు 75 కిలోల బస్తాలో అయిదింట రెండు వంతులు. ఆ రెంటికీ తేడా ఫోటోలో కంటికి ఆనదు. దానికితోడు మిషన్ తాను కోసిన వెడల్పులోని చెత్తనంతా సన్న చారగా వెనక పోస్తుంది. ఆ చారలో లెక్కబెట్టి ఎకరానికి హెచ్చవేస్తే నష్టం ఉన్నదానికంటే చాలా ఎక్కువగా తేలుతుంది. కోతకు ముందే గాలికి రాలిన గింజలు కూడా ఉంటాయి, వాటికి మిషన్ బాధ్యత లేదు. సరిగ్గా కొలవాలంటే చట్రం పెట్టి, చారలోనూ చార బయటా, కోయని చోటా లెక్కబెట్టాలి.

ఇదంతా ఆయనకి చెప్పాను. "నీ లెక్క నీ దగ్గర పెట్టుకో నాయనా, ఫోటో పంపు" అన్నాడు. ఆయన కోపంలో కూడా న్యాయముంది. వాన సూచన రాగానే గంట బాడుగ పెరుగుతుంది, మిషన్ కోసం బతిమాలుకోవాలి, బేరమాడే బలం రైతుకి ఏ వైపు నుంచీ లేదు. చేతికి దొరికిన ఫోటో వాడుకోవాలనుకోవడం తప్పని ఎట్లా అనగలను? అయినా సీజనంతా ఇల్లొదిలి వచ్చిన కుర్రవాడి మీద అది పడుతుందని తెలిసి పంపబుద్ధి కాలేదు. వెనక నుంచి తీయాలి అనే నా వాదనకి ఇది ఖరీదు. ముందు నుంచి తీసిన ఫోటోతో ఎవరి ఉద్యోగమూ పోదు.

అయితే పనికొచ్చే ఫోటో ఏదన్న విషయంలో వ్యాపారస్తులు నాకంటే తెలివైనవాళ్లు. పాత టైర్ మిషన్ అమ్మకానికి పెట్టిన ఒకాయన నన్ను పిలిచి ఫోటోలు తీయించుకున్నాడు. కడిగి, టైర్లకు నలుపు పూసి, ముందు నిలబెట్టాడు. కొనేవాడికి పంపితే అవతల నుంచి వచ్చిన మొదటి మాట, "జల్లెళ్లు, వాకర్లు, వెనక తలుపు తీసి పంపండి" అని.

కొడవలి పట్టుకోమనే ఫోటోగ్రాఫర్లు

మిషన్‌ని అసలు ఫోటో తీయడమే ఎందుకు, అది కూలీల నోటి దగ్గరి కూడు లాక్కుంది కదా అనే మాట వస్తుంది. లాక్కుంది. కూలి వడ్లు లేవు, పరిగె ఏరుకోవడం లేదు. మిషన్ నడిచిన చేలో వెన్ను మిగలదు, విడి గింజలే మిగులుతాయి. వాటిని కొంగలూ పిచ్చుకలూ చూసుకుంటాయి. అయితే కోతల సమయానికి మనుషులు దొరక్క మిషన్ పిలిచామని రైతులు చెప్పేది కూడా అబద్ధం కాదు. శ్రీసిటీ ఫ్యాక్టరీల బస్సులు పొద్దున్నే ఊళ్లలోకి వచ్చి వయసు పిల్లల్ని ఎక్కించుకుపోతున్న ప్రాంతం ఇది.

దీనికి కొందరు ఫోటోగ్రాఫర్లు కనిపెట్టిన పరిష్కారం మిషన్‌ని ఫ్రేములోంచి తప్పించడం. ఒక గుంపు మిషన్ కోత జరుగుతున్న చేలోనే ఒక పెద్దామె చేతికి కొడవలి ఇచ్చి, కొంగు బిగించమని, ఇటు తిరిగి నవ్వమని చెప్పడం చూశాను. ఆమె చెప్పినట్టే చేసింది. వాళ్లు పోయాక నాతో, "కూలికి పిలిచేవాళ్లు లేరు గానీ ఫోటోకి పిలిచేవాళ్లు ఉండారు" అంది.

విచిత్రం ఏమిటంటే అదే చేలో నిజమైన కొడవలి పని జరుగుతోంది. మిషన్ తిరగడానికి కయ్య మూలలు ముందే కోసిపెట్టాలి. గెనిమ అంచున కట్టర్ అందని వరసలు, పడిపోయిన చోట రీలు ఎత్తలేని పైరు, ఇవన్నీ చేత్తోనే కోయాలి. ఒకరిద్దరు ఆడవాళ్లు మూలల్లో కోసిన పైరును తెచ్చి మిషన్ ముందు వేస్తారు. ఈనాటి కొడవలి ఇదే. మిషన్‌ని తప్పించి తీస్తే అబద్ధమవుతుంది. మిషన్‌ని ముందు నుంచి నిండుగా తీస్తే ఆ మూల కనబడదు. వెనక్కి నడిచి కయ్య అంతా పట్టేలా తీస్తే రెండూ వస్తాయి.

ఇంకా వెనక్కి నడిస్తే రోడ్డు వస్తుంది. కొడవలి కోతలప్పుడు పనలు చేలోనే ఆరేవి, కుప్ప వేసి తర్వాత నూర్చేవాళ్లు, వడ్లు కళ్లంలోనే చాలావరకు ఆరిపోయేవి. మిషన్ ఇదంతా పూటలో ముగిస్తుంది, తడి మాత్రం గింజలోనే ఉండిపోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. దాంతో ఆరబెట్టే పని చేలోంచి తారు రోడ్డుకి మారింది. శ్రీకాళహస్తి, నాయుడుపేట రోడ్డు పక్కన పట్టలు, వడ్ల వరసలు, వాటికి అడ్డంగా పెట్టిన రాళ్లు, రాత్రి కాపలా మంచాలు, బైకు జారిపడేవాళ్లు. కోత మిషన్ ఫోటోల్లో ఈ రోడ్డు కూడా ఉండాలంటాను. స్నేహితుడు దీనికి మాత్రం తల ఊపాడు.

చిత్తూరు జిల్లా అంటే వేరుశనగ, మామిడి, చెరకు, టమాటా అని చదువుకున్న తరం మాది. 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లా ఏర్పడి నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు మండలాలు కలిశాక మాది వరి జిల్లా కూడా అయింది. తమిళ మిషన్లు ఈ రోడ్ల మీదుగానే వస్తాయి. కావేరి డెల్టాలో సాంబా సీజను వరి కోతలు ముగించి, మార్చి, ఏప్రిల్లో మన వైపు, ఆ తర్వాత తెలంగాణకి. నా స్నేహితుడు పంపిన ఇంగ్లండు దొంతరలో మాస్సీ హారిస్ కంపెనీ ఎర్రటి కంబైన్ ఒకటుంది. ఆ కంపెనీ కథ ఇదే దారిలో నడిచింది. 1944లో యుద్ధం వల్ల ఇనుముకి రేషనుంటే, అమెరికా ప్రభుత్వాన్ని ఒప్పించి అదనంగా 500 మిషన్లు చేసింది. కొన్నవాళ్లు ఒక్కో మిషన్‌తో కనీసం 2000 ఎకరాలు కోయాలి, దక్షిణాన పండిన పంటతో మొదలుపెట్టి ఉత్తరానికి పోతూ ఉండాలి. హార్వెస్ట్ బ్రిగేడ్ అన్నారు దాన్ని. అక్కడ కంపెనీ పూనుకుని నడిపించిన వలస, ఇక్కడ బ్రోకర్ల ఫోన్ల మీద ఏటా నడుస్తోంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన మూడు రోజులకే, 27న, కేంద్రం కోత మిషన్లు రాష్ట్రాలు దాటడానికి మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ఇంత ప్రయాణమూ మిషన్ ముందు భాగంలో కనబడదు. వెనక నిచ్చెనకి వేలాడే నీళ్ల క్యాను, వంట గిన్నెల సంచీ, ఆరేసిన లుంగీ చూడండి, అక్కడ కనబడుతుంది.

ఇంత చెప్పాక ఒక హద్దు కూడా చెప్పాలి. వాన భయం ఉంటే మిషన్లు రాత్రంతా కోస్తాయి, రాత్రిపూట నా పద్ధతి పనిచేయదు. లైట్ల వెలుగంతా ముందుకే, వెనక ఏదీ పడదు. అంతకంటే ముఖ్యం, డ్రైవరుకి వెనక ఉన్న మనిషి కనబడడు, మలుపు దగ్గర ఉన్నట్టుండి రివర్సు వేస్తాడు, ఆ మోతలో కేక వినబడదు. చీకటి పడ్డాక మిషన్ వెనకకి ఎవరూ పోవద్దు, ఫ్లాష్ కొట్టి డ్రైవరు కళ్లు చెదరగొట్టొద్దు. గెనిమ మీద దూరంగా, అతనికి కనబడేచోట నిలబడి ముందు నుంచే తీసుకోవాలి. ఆ ఫోటోలు నా స్నేహితుడే బాగా తీస్తాడు.